మీ ఇష్టం

అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఆయనకి ఉండే ఉంటుంది. సాయంకాలపు కాలేజీలో మాత్రం ఆయన గొడవల మాస్టారు. ఎదురుగా ఉన్నప్పుడు ఉత్త "మాస్టారూ" అంటారు. ఆయన మెట్లు దిగి వీధి మలుపు తిరిగాక, ముందు ఆ "గొడవల" తగిలిస్తారు. ఈ సంగతి ఆయనకి తెలియక కాదు. తెలిసీ లోలోపల మురిసిపోతాడు. ఎందుకు మురియడూ? ఆయన చెప్పేది సమాజశాస్త్రం, అందులో ప్రాణం పెట్టి చెప్పేది సంఘర్షణ పాఠం. మనుషులు ఎందుకు కొట్టుకుంటారు, కొట్టుకుంటూ కూడా ఎలా కలిసి బతుకుతారు అన్నది ఆయనలా విప్పి చెప్పేవాడు ఆ చుట్టుపక్కల లేడు.

కాలేజీ అనగానే పెద్ద భవనం ఊహించుకునేరు. టైర్ల దుకాణం మీద పొడుగాటి గది, అంతే. వాన పడిన రోజు పాఠమంతా రబ్బరు వాసన వేస్తుంది. చదువుకోవడానికి వచ్చేవాళ్ళు పగలంతా ఎక్కడో అక్కడ ఒళ్ళు హూనం చేసుకున్నవాళ్ళు. ఒక బస్సు కండక్టరు, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ, చెప్పుల కొట్లో అమ్మకాలు చూసే అమ్మాయి, ఒక కాపలాదారు, ఇలాంటివాళ్ళు. దేశదేశాల మేధావుల పేర్లు నోరు తిరగనివి చెబితే రెండో పేరుకే గురక మొదలవుతుంది. అందుకని మాస్టారు ఆ మేధావులందరికీ ముద్దుపేర్లు పెట్టుకున్నాడు.

గడ్డం తాత ఏమన్నాడంటే, ఆస్తి ఒకడి చేతిలో, చెమట ఇంకొకడి ఒంటి మీద ఉన్నంతకాలం ఈ లాగులాట ఆగదన్నాడు. ఫొటోలో కోటేసుకుని కనిపించే కోటాయన అడ్డొచ్చి, డబ్బొక్కటే కాదు బాబూ, పరువూ పలుకుబడీ కూడా లెక్కలో వేసుకోండి అన్నాడు. మాటలాయన సంగతి వేరు. ఎవరు మాట్లాడితే అది చక్కని భాష, ఎవరు మాట్లాడితే మోటు అన్నది తేల్చేది నాలుక కాదు, కూర్చున్న కుర్చీ అని ఆయన వాదన. ఇక మన దేశపు పెద్దాయన. ఇక్కడ ప్రతివాడికీ తన కింద ఇంకొకడు దొరుకుతాడు, వాణ్ణి చూసుకుని తన నెత్తిమీది కాలు బరువు మర్చిపోతాడు, అందుకే ఈ మెట్లు ఎవరూ విరగ్గొట్టరు అన్నది ఆయన బాధ. ఈ మాట చెప్పిన రోజు క్లాసులో ఎవరికీ నిద్ర రాదు.

జైల్లో కూర్చుని రాశాడు కాబట్టి జైలాయన అని ఇంకొకాయన ఉన్నాడు. కర్ర పట్టుకుని ఏలేవాడు చేతగానివాడు, "తమరు చెప్పిందే బాగుంది" అని ఎదుటివాడి నోటితోనే అనిపించేవాడే అసలు ఏలిక అన్నది ఆయన మాట. అందరికన్నా మాస్టారికి ఇష్టమైనవాడు దారపాయన. పోట్లాడుకునేవాళ్ళ మధ్య ఇంకా దారం ఉన్నట్టేనట. ఆ దారం తెగినవాళ్ళు పోట్లాడుకోరట. ఇది చెప్పేటప్పుడు మాస్టారు సుద్దముక్క పక్కన పెట్టి, రెండు చేతులూ గాల్లో పట్టుకుని, కనిపించని దారాన్ని లాగి చూపిస్తాడు.

ఇంత చెప్పే మనిషి జన్మలో ఎవరితోనూ పోట్లాడలేదంటే నమ్ముతారా? ఒట్టు, పోట్లాడలేదు. పోట్లాడడు, వివరిస్తాడు. పై వాటాలో గొట్టం కారి తన వంటింటి గోడ చెమ్మగిల్లితే మాస్టారు పైకి వెళ్ళాడు. మామూలు మనిషైతే నాలుగు కేకలు వేసి వచ్చేవాడు. ఈయన కుర్చీ లాక్కుని కూర్చుని, కలిసి ఉండే ఇళ్ళలో ఒకరి నీళ్ళు ఇంకొకరి గోడ అవడం గురించి మెత్తగా, ఓపిగ్గా చెప్పడం మొదలెట్టాడు. పై వాటావాడు తెల్లారగానే ప్లంబర్ని పిలిపించాడు. గొట్టం కోసం కాదు, ఈయన మళ్ళీ వస్తాడేమోనన్న భయంతో.

అలాంటి మనిషికి పెళ్ళి మాత్రం గొడవతోనే కుదిరింది. అప్పట్లో కాలేజీ కింద టైర్ల దుకాణం లేదు, యూనిఫాంలు కుట్టే షెడ్డు ఉండేది. ఒక సాయంత్రం పైన క్లాసులోవాళ్ళు నల్లబల్ల కడుగుతూ బకెట్టు బోర్లించారు. ఆ నీళ్ళు నేల సందుల్లోంచి దిగి కింద కత్తిరించి పెట్టిన గుడ్డల మీద పడ్డాయి. ఆ గుడ్డలు కత్తిరించిన అమ్మాయి మెట్లన్నీ దడదడా ఎక్కి వచ్చి గుమ్మంలో నిలబడి అరిచింది. మాస్టారు అలవాటు చొప్పున నీళ్ళు ఎందుకు దిగాయో వివరించబోయాడు.

"మీ వివరణ పిండితే నా గుడ్డ ఆరుతుందా?" అంది ఆ అమ్మాయి.

క్లాసు గొల్లుమంది. మాస్టారు పడిపోయాడు, అక్కడికక్కడే. నెల తిరక్కుండా పెద్దవాళ్ళని పంపించాడు.

ఆవిడ ఆ షెడ్డుని వదల్లేదు. షెడ్డు బజారు అవతలికి మారి పెద్దదయింది, ఆవిడా అందులో పెద్దదయింది. పొడవాటి బల్ల మీద గుడ్డ దొంతరగా పరిచి, సుద్దతో గీతలు గీసి, కోసేది ఆవిడే. గీత అరంగుళం జరిగిందంటే ఒక బడి పిల్లలందరి చంకలూ బిగుసుకుంటాయి. అందుకని ఆవిడ బల్ల దగ్గరుంటే ఓనరు కూడా గట్టిగా దగ్గడు. ఇంట్లో మాత్రం ఆవిడ నోరు ఊరుకునేది కాదు. చెప్పులు ఇక్కడ విప్పారేమని, చెప్పిన పని మర్చిపోయారేమని, మీ చెల్లెలు నన్నలా ఎందుకందని రోజుకో పేచీ. మాస్టారు చిరునవ్వుతో వివరించేవాడు. పెళ్ళికి ముందే పుట్టిన ఆ పేచీ వాళ్ళింట్లో మూడో మనిషిలా తిరుగుతూ ఉండేది. పిల్లలు లేని ఇల్లు కదా, ఆ మాత్రం సందడి ఉండేది.

కిందటి ఏడాది ఒక సాయంత్రం ఆవిడ ఎగిరి గంతేస్తున్నట్టు ఇంటికొచ్చింది. మాస్టారు ఎర్రకలం పట్టుకుని జవాబుపత్రాలు దిద్దుతున్నాడు.

"ఏమండీ, ఓనరు కొత్త షెడ్డు పెడుతున్నాడు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే ఊరు. అక్కడంతా నన్నే చూసుకోమంటున్నాడు. మనుషుల్ని పెట్టుకోవడం దగ్గర్నుంచి అంతా నేనే!"

"అంత దూరం ఎందుకోయ్? ఇక్కడ నీకేం తక్కువ?" అన్నాడు మాస్టారు తల ఎత్తకుండా.

"తక్కువై కాదు. ఇంకాస్త ఎక్కువ కావాలనుంది."

మాస్టారు కలం మూసి ఆవిడని కూర్చోబెట్టాడు. వద్దు అనలేదు. పాపం, ఒక్కసారి కూడా అనలేదు. ఆ ఊళ్ళో గది సంగతి, ఒంటరితనం సంగతి, ఒంట్లో బాగోకపోతే చూసే దిక్కు సంగతి, ఓనర్లు పొగిడి పని చేయించుకునే తీరు, ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ మధ్యలో రెండుసార్లు గొంతు పెంచింది. ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మాస్టారు మంచినీళ్ళు ఇచ్చి, "నీ మేలు కోరే కదా చెబుతున్నాను" అని మళ్ళీ అందుకున్నాడు. టీ చల్లారి మీగడ కట్టింది.

"మీ ఇష్టం" అంది చివరికి ఆవిడ.

"నా ఇష్టమేమిటి, మనిద్దరి ఇష్టం" అని మాస్టారు ఆవిడ భుజం తట్టాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

కొత్త షెడ్డుకి కప్పు పడలేదని ఒకసారి, కరెంటు రాలేదని ఒకసారి ఆలస్యమవుతూ పోయింది. ఇంట్లో ఆ ఊసు మళ్ళీ రాలేదు. మాస్టారు ఆ విషయం తేలిపోయిందనుకున్నాడు. ఇల్లు కూడా ఎంత ప్రశాంతంగా మారిందనీ! చెప్పులు గుమ్మానికి అడ్డంగా విప్పినా మాటలేదు. సెలవుల్లో ఎక్కడికి వెళదామన్నా "మీ ఇష్టం", ఏం వండుకుందామన్నా "మీ ఇష్టం". కాలేజీ మెట్ల దగ్గర మిగతా మాస్టర్లు పెళ్ళాల గోల చెప్పుకుంటుంటే ఈయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "మా ఇంట్లో ఆ బెడదే లేదండీ" అనేవాడు. అందరూ ఈర్ష్యపడేవారు.

ఈ సుఖానికి గండి కొట్టింది నర్సమ్మ. ఆ రోజు పాఠం దారపాయనదే. మాస్టారు గాల్లో దారం లాగుతూ, "అయితే గొడవ లేని ఇల్లు మంచి ఇల్లేనా? చెప్పండి చూద్దాం" అని అడిగాడు.

"మా ఇంట్లో లేదు మాస్టారూ" అంది నర్సమ్మ వెనక బెంచీ నుంచి. "మా ఆయన ఏమన్నా మీ ఇష్టం అంటాను. ఆయనకీ హాయి, నాకూ హాయి. ఆయన మీద మనసున్న రోజుల్లో అయితే కొంపలంటుకునేలా పోట్లాడేదాన్ని. ఇప్పుడెందుకు, నోటి నొప్పి?"

క్లాసంతా నవ్వింది. కండక్టరైతే బెంచీ మీద చరిచి మరీ నవ్వాడు. మాస్టారి చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. గంట కొట్టకుండానే పాఠం ఆపేసి, కడుపులో నొప్పని చెప్పి ఇంటికి బయల్దేరాడు. దారిపొడుగునా ఆయనకి వినిపించింది మీ ఇష్టం అన్న ఆ రెండు మాటలే. ఎన్ని నెలలుగా వింటున్నాడు వాటిని! వింటూ పొంగిపోయాడు కూడా, వెర్రి మనిషి.

ఇంకొకడైతే ఏం చేసేవాడు? తిన్నగా వెళ్ళి, ఏమైందే నీకు అని అడిగేవాడు. మన మాస్టారు అలా అడిగితే ఇంకేముంది! పోట్లాట ఉంటే దారం ఉన్నట్టు, కాబట్టి పోట్లాట తెప్పిస్తే దారం వచ్చేస్తుందని లెక్కగట్టాడు. పుస్తకం తలకిందులుగా పట్టుకోవడమంటే ఇదే.

మర్నాడు భోజనం దగ్గర, "కూరలో ఉప్పు లేదు" అన్నాడు. ఉంది, సరిపోయింది కూడా. ఆవిడ ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన పట్టుదలకి పోయి వేసుకుని, ఆ ఉప్పుకషాయం మింగలేక చచ్చాడు. తర్వాత తడి తువ్వాలు తీసుకెళ్ళి ఆవిడ పడుకునే వైపు పక్క మీద పరిచాడు. ఆవిడ తీసి ఆరేసింది. "మీ అమ్మావాళ్ళ వైపు వాళ్ళకి కాస్త గర్వం ఎక్కువనుకుంటా" అని గుండె రాయి చేసుకుని అన్నాడు. "అయ్యుండొచ్చు" అంది ఆవిడ.

ఆఖరికి ఎవరూ చేయకూడని పని చేశాడు. గుడ్డ కోసే కత్తెర్లతో కాగితం ముట్టుకోకూడదు. కాగితం కోస్తే వాటి పదును చస్తుంది, మళ్ళీ గుడ్డ మీద పెడితే నమిలేస్తాయి. పెళ్ళైన కొత్తలో ఒకసారి తెలియక వాటితో కవరు అంచు కోస్తే ఆవిడ రెండ్రోజులు అన్నం ముట్టలేదు. అలాంటిది, ఆవిడ చూస్తుండగా, ఆవిడ సొంత కత్తెర తీసి, పాత ప్రశ్నపత్రాలు టకటకా కోయడం మొదలెట్టాడు. కోస్తూ ఓరకంట చూశాడు. ఇప్పుడు అరుస్తుంది, ఇదిగో ఇప్పుడు.

"కోసుకోండి" అంది ఆవిడ. "నాకిక వాటితో పనిలేదులెండి."

మాస్టారు కత్తెర పక్కన పెట్టి లేచాడు. చెప్పులేసుకుని తిన్నగా రెండు వీధుల అవతల ఉన్న మరదలి ఇంటికి వెళ్ళాడు. మరదలంటే ఆవిడ చెల్లెలు, ఆ ఇంట్లో ఆయన్ని ఆటపట్టించే హక్కున్న ఒకే ఒక్క మనిషి.

"మీ అక్కకి కోపం తెప్పించే మార్గమేదైనా ఉంటే చెప్పవే" అన్నాడు గుమ్మంలోనే.

"మతి గానీ పోయిందా బావా? మొగుళ్ళంతా పెళ్ళాల కోపం ఎలా తగ్గించాలా అని జుట్టు పీక్కుంటుంటే!" అని మరదలు పకపకా నవ్వింది. ఉప్పు సంగతికీ తువ్వాలు సంగతికీ పొట్ట పట్టుకుంది. కత్తెర సంగతి చెప్పేసరికి మాత్రం నవ్వు ఆగిపోయింది.

"పనిలేదందా?"

"అవును."

"అంటే... అక్క మీకు చెప్పలేదా?" మరదలి గొంతు తగ్గింది. "కొత్త షెడ్డు తయారైంది బావా. అక్క ఒప్పుకుంది. సోమవారం పొద్దున బస్సు. అక్కడ గది కూడా చూసుకుంది, కొత్త కత్తెర్లు కూడా కొనుక్కుంది. మీతో చెప్పకుండా ఎలా వెళ్తావే అంటే, వెళ్ళాక ఫోన్ చేసి చెప్తాలే అంది. నేనింకా ఈపాటికి చెప్పేసి ఉంటుందనుకున్నా."

"తిరిగి ఎప్పుడొస్తుందట?"

మరదలు వంటింటి వైపు తిరిగింది. "కూర్చోండి బావా, టీ పెడతాను" అంది.

మాస్టారు కూర్చోలేదు. ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆవిడ మంచం మీద కూర్చుని చీరలు మడతపెడుతోంది. కొన్నాళ్ళుగా ఆ మడతలు చూస్తూ కూడా, అవి ప్రయాణానికని ఆయన చూడలేదు.

"సోమవారం వెళ్తున్నావట."

"అవును."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెప్తే ఏం చేస్తారు?"

"ఏం చేస్తానేమిటి? కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం."

"మాట్లాడుకోవడం కాదు. మీరు మాట్లాడేవారు."

మాస్టారు కుర్చీ లాక్కున్నాడు. "చూడవోయ్, దీన్ని మనం రెండు వైపుల నుంచీ..."

"ఆపండి!"

గోడలు అదిరేలా అరిచింది. పై వాటాలో ఎవరో నడుస్తూ నడుస్తూ ఆగిపోయారు. మాస్టారికి ఏమయిందో ఏమో, హమ్మయ్య, అరిచింది అన్న సంబరంలో మొహం విప్పారిపోయింది. ఆపుకుందామనుకున్నాడు గానీ ఆగలేదు.

"నవ్వుతున్నారా?" ఆవిడ లేచి నిలబడింది. చేతిలో చీర కింద పడింది. "నవ్వొస్తోందా మీకు? మీరు గొంతు పెంచరు. దేవుడిలాంటి మనిషి అంటారు అందరూ. మీరు పెంచరు కాబట్టి నేను పెంచితే గయ్యాళినైపోతాను. నేనేడిస్తే మంచినీళ్ళిచ్చి మళ్ళీ మొదట్నుంచీ చెప్తారు. తిడితే తిట్టొచ్చు, కొట్టేవాడైతే వదిలేసి పోవచ్చు. మీతో ఏం చెయ్యాలి నేను? ఆ రోజు వద్దు అని ఒక్క మాట అని ఉంటే, ఎందుకొద్దని మీదపడి కడిగేసేదాన్ని. మీరు వద్దనలేదు. నా నోటితో నాచేతే వద్దనిపించారు. ఏడాది నుంచి ఆ మాట నా గొంతులో ఉందండీ. ఏడాది!"

మాస్టారి మొహంలో నవ్వు లేదిప్పుడు. కర్ర లేకుండా గెలిచేవాడి గురించి ఎన్ని బ్యాచ్‌లకి చెప్పాడు ఆయన! చెప్పేటప్పుడు ఎప్పుడూ రాజులే కళ్ళముందు మెదిలేవారు, మంత్రులే మెదిలేవారు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్న తన చెయ్యి ఒక్కసారీ మెదల్లేదు. సిగ్గుతో ఆయనకి తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఒక్కటి అడుగుతాను" అంది ఆవిడ, రొప్పుతూ. "పాఠం చెప్పకుండా జవాబు చెప్పండి. నేను వెళ్తే మీకేమవుతుంది?"

మాస్టారు నోరు తెరిచాడు. గడ్డం తాత రాలేదు, దారపాయన రాలేదు, ఎవరూ సాయం రాలేదు.

"భయమేస్తోంది" అన్నాడు.

"దేనికి?"

"నువ్వక్కడ బాగుంటావేమోనని."

ఆవిడ చప్పున కూర్చుంది. ఆయన్నే చూసింది, ఈ మనిషిని ఎక్కడో చూశానే అన్నట్టు.

"బాగుంటాను" అంది తర్వాత. అబద్ధం చెప్పలేదు. "ఈ మాట అప్పుడే అని ఉంటే ఉండిపోయేదాన్నేమో. ఇప్పుడు ఉండను."

"వెళ్ళకు!" మాస్టారు అరిచాడు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా, బొంగురుగా వినిపించింది.

"వెళ్తాను!"

"వెళ్ళొద్దంటున్నానా!"

"అనండి, ఇంకా గట్టిగా అనండి, వెళ్తాను!"

అలా ఎంతసేపు అరుచుకున్నారో. కారణాలు లేవు, వివరాలు లేవు. ఒకరు వద్దంటారు, ఒకరు వెళ్తానంటారు, చిన్నపిల్లల్లా. పై వాటావాడు మెట్ల మీదదాకా వచ్చి, ఆ గొంతు మాస్టారిదేనా అని చెవులు రిక్కించి, నమ్మలేక వెనక్కి పోయాడు. మాస్టారికే ముందు గొంతు పోయింది. అలవాటు లేని మనిషి కదా.

"వారం వారం వస్తావా?" అన్నాడు, పీలగా.

"రావాలనిపిస్తే వస్తాను. అనిపించేలా చేసుకోవడం మీ పని."

"ఎలా?"

"నన్నడుగుతారేం? ఆలోచించుకోండి."

"నాకు తెలీదే" అన్నాడు మాస్టారు. నిజంగానే తెలీదు. ఇన్నేళ్ళలో ఆయన ఆవిడతో ఆ మాట అనడం అదే మొదలు.

ఆవిడ కిందపడ్డ చీర తీసి దులిపి మళ్ళీ మడతపెట్టింది. "తెలీకపోతే పోనీ. ముందు అటక మీది పెట్టె దించండి. నాకు అందట్లేదు."

మాస్టారు స్టూలెక్కి పెట్టె దించాడు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని పెట్టె, దుమ్ము వేలిమందాన పేరుకుపోయి ఉంది. పాత బనీను ఒకటి తెచ్చి, నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని తుడవడం మొదలెట్టాడు. మూత మీద చుక్కలు పడ్డాయి. ఆయన తుడుస్తున్నకొద్దీ మరకలు పెద్దవవుతున్నాయి గానీ పోవట్లేదు.

"ఏడుస్తూ తుడవకండి, బురదవుతోంది" అని కసిరింది ఆవిడ. "ముందు తుడవండి. తర్వాత ఏడుద్దురుగాని."

చెప్పినట్టే ముందు తుడిచాడు, అంచులూ తాళం బుర్రా కూడా వదలకుండా. తర్వాత ఏడ్చాడు. ఆవిడ మంచినీళ్ళు తేలేదు, ఊరుకోమనీ అనలేదు. మంచం దిగి వచ్చి పెట్టెకి అవతలి వైపు కూర్చుంది.